పొల్లు పక్కన దాక్కున్న అక్షరం

సాఫ్ట్‌వేర్ అనే మాటను తెలుగులో రెండు రకాలుగా టైపు చేయొచ్చు. మొదటి రకంలో ఫ కింద ట వత్తు, పైన పొల్లు పడి, ఆ పక్కన ‘వే’ విడిగా నిలబడుతుంది. రెండో రకంలో ట వత్తుకు తోడు వ కూడా వత్తుగా మారి అదే ఫను పట్టుకుని వేలాడుతుంది: సాఫ్ట్వేర్. పలుకు ఒకటే, అర్థం ఒకటే. మొదటిదాన్ని కంప్యూటర్‌తో లెక్కపెట్టిస్తే 11 వస్తాయి, రెండోదానికి 10 వస్తాయి. స, దీర్ఘం, ఫ, పొల్లు, ట, పొల్లు, వ, ఏత్వం, ర, పొల్లు అని వేళ్ల మీద లెక్కేస్తే రెండింటికీ పదే. ఆ పదకొండోది ఎక్కడిది?

అది ట తర్వాతి పొల్లుకూ వకూ మధ్య ఉంది. తెర మీద చోటు తీసుకోదు, అచ్చులో సిరా తాగదు, కంటికి ఆనదు. కానీ ఫైల్‌లో మాత్రం ఉంటుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఏ తెలుగు అక్షరంలాగైనా మూడు బైట్లు తింటుంది. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 8204, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అంటే వెడల్పు లేకుండా, పక్కపక్క అక్షరాలను కలవనివ్వకుండా చూసేది. దాని పక్కింటి 8205 జీరో విడ్త్ జాయినర్. అది కలిపేది. ఇలాంటివి యూనికోడ్‌లో ఇంకా చాలా ఉన్నాయి. వాటన్నిటినీ ‘ఫార్మాట్’ అనే ఒకే కులం కింద చేర్చారు. అక్షరం కాదు, అంకె కాదు, విరామ చిహ్నం కాదు. పక్కవాటిని ఎలా చూపించాలో, ఎటు నడిపించాలో, ఎక్కడ విరగ్గొట్టాలో చెప్పే ఆదేశం అన్నమాట.

వీటి గురించి నెట్‌లో రెండు రకాల సలహాలు దొరుకుతాయి. ఒకటి, ఇవి కాపీ పేస్టులో అంటుకొచ్చే మురికి కాబట్టి కడిగేయండి అంటుంది. రెండోది, ఇవి హ్యాకర్ల ఆయుధాలు కాబట్టి రానివ్వకండి అంటుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే రెండూ ఇంగ్లిష్ రాసేవాళ్ల సౌకర్యంలోంచి పుట్టిన సలహాలు. ఇంగ్లిష్ వాక్యంలో 8204 కనబడితే అనుమానించాల్సిందే, అక్కడ దానికి పని లేదు. తెలుగు వాక్యంలో అది వర్ణక్రమంలో భాగం. ‘హైదరాబాద్‌లో’ అన్న మాటలోంచి దాన్ని పీకేస్తే ‘హైదరాబాద్లో’ మిగులుతుంది. మురికి వదలలేదు, అక్షరం ఊడింది.

ఈ అవసరం తెలుగుకు ఎందుకు వచ్చిందో చూస్తే తమాషాగా ఉంటుంది. తెలుగు అజంత భాష. రాముడు, చెట్టు, పుస్తకం, గోడ, నది ఇలా మాట చివర అచ్చో సున్నో ఉంటుంది తప్ప మొండి హల్లు ఉండటం అరుదు. మాట మధ్యలో అచ్చు లేని హల్లు వస్తే అది పక్క హల్లును ఆనుకునే ఉంటుంది: అక్క, చెప్పు, పద్మం, కార్యం. అందుకే కంప్యూటర్‌కు నేర్పిన నియమం సూటిగా ఉంటుంది. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే రెండో హల్లును వత్తుగా మార్చు. అచ్చ తెలుగు మాటలకూ సంస్కృతం నుంచి వచ్చిన వాటికీ ఈ నియమం దాదాపు ఎక్కడా బెసగదు.

బయటి మాటలు వచ్చినప్పుడు పాత తెలుగు వాటి చివర ఒక ఉకారం తగిలించి ఇంట్లోకి తెచ్చుకుంది. బస్సు, కారు, రైలు, బజారు, హైదరాబాదు. ‘హైదరాబాదులో’ అని రాసినంత కాలం కనబడని అక్షరంతో పనే లేదు. ఆ ఉకారాన్ని వదిలేసి హైదరాబాద్, కలెక్టర్, ఫోన్, వాట్సాప్ అని రాయడం అలవాటయ్యాక, వాటికి లో, కి, ను, తో లాంటి తెలుగు ప్రత్యయాలు తగిలించాల్సి వచ్చేసరికి చిక్కు మొదలైంది. పొల్లు మీద ఆగిన మాట వెంటనే ఇంకో హల్లు. నియమం తన పని తాను చేస్తుంది, లో కాస్తా వత్తు అవుతుంది. చేత్తో రాసేవారికి ఈ చిక్కు ఎన్నడూ లేదు. సీసం అక్షరాలు పేర్చిన అచ్చు కార్మికులకూ లేదు, పొల్లున్న అచ్చు పెట్టి దాని పక్కన ‘లో’ పెట్టేవారు, అంతే. కంప్యూటర్‌లో మాత్రం పొల్లుకు రెండు ఉద్యోగాలు: పొల్లుగా కనబడటం, వత్తు కట్టించడం. ఏ సమయంలో ఏ ఉద్యోగమో చెప్పడానికి మూడో మనిషి కావాల్సి వచ్చింది. ఆ మూడో మనిషే 8204.

ఈ పనిని మొదట వేరే రకంగా చేసి చూశారు. యూనికోడ్ కంటే ముందు భారతీయ భాషలకు ఇస్కీ అనే సంకేత పద్ధతి ఉండేది. 1991లో అది ఐఎస్ 13194 అనే సంఖ్యతో జాతీయ ప్రమాణం అయింది. అందులో పొల్లు ఒకసారి కొడితే వత్తు పడుతుంది. రెండుసార్లు కొడితే వత్తు కట్టకుండా పొల్లు పొల్లుగానే నిలుస్తుంది. పొల్లు తర్వాత నుక్తా, అంటే అక్షరం కింద పెట్టే చుక్క, కొడితే హిందీలాంటి లిపుల్లో సగం అక్షరం వస్తుంది. విడి వత్తును చూపించాలంటే ఆధారంగా పెట్టుకోవడానికి ‘కనబడని హల్లు’ ఒకటి ప్రత్యేకంగా ఉండేది. యూనికోడ్ మన లిపుల అమరికను ఇస్కీ 1988 రూపం నుంచే తీసుకుంది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు కేటాయించింది. కానీ రెండు పొల్లుల పద్ధతిని మాత్రం తీసుకోలేదు. అరబిక్ లాంటి లిపులకూ కలపడం, విడదీయడం కావాలి కాబట్టి, అన్నిటికీ పనికొచ్చేలా 8204, 8205లను ఉమ్మడి ఆస్తిగా పెట్టింది. రెండో పొల్లు స్థానంలో 8204 వచ్చింది, నుక్తా స్థానంలో 8205 వచ్చింది.

ఇంజినీర్ల కోణంలో ఇది పొదుపైన ఏర్పాటే. రాసేవారి వైపు నుంచి చూస్తే నష్టం ఉంది. పొల్లు రెండుసార్లు కొట్టినవాళ్లకు తాము ఏం కొట్టారో తెలుసు. 8204 అలా కాదు. విండోస్‌లోని భారతీయ లిపుల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే ఇది వస్తుంది, 1 నొక్కితే 8205 వస్తుంది. తెలుగు టైపు చేసేవారిలో ఎంతమందికి ఈ మీటల సంగతి తెలుసు? ఫోన్‌లో అయితే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి, కింద చూపించిన తెలుగు మాటను ఎంచుకుంటారు. అందులో ఈ అక్షరం ఉందో లేదో కీబోర్డు తయారుచేసినవారి ఇష్టం. ఒకే మనిషి, ఒకే రోజు, ఫోన్‌లో ఒక వర్ణక్రమం, కంప్యూటర్‌లో ఇంకో వర్ణక్రమం రాయడం అందుకే మామూలైంది.

8205కు తెలుగులో పెద్దగా పని లేదని చాలామంది అనుకుంటారు. ఒక పాత పని ఉంది, అది వలపలగిలక. పాత పుస్తకాల్లో ధర్మం, కర్మం లాంటి మాటల్లో రకారాన్ని ముందు రాసి కింద మ వత్తు ఇవ్వరు. మను పూర్తిగా రాసి, దాని కుడిపక్కన తెలుగు తొమ్మిది అంకె ఆకారంలో ఒక గుర్తు పెడతారు. పలకడంలో ముందు వచ్చే ర్, రాతలో వెనక్కి వెళుతుంది. ఈ రూపం కావాలంటే యూనికోడ్ చెప్పే దారి ఇది: ర, పొల్లు, 8205, ఆ తర్వాత మ. ఫాంటులో ఆ ఆకారం గీసి ఉంటే వలపలగిలక కనబడుతుంది, లేకపోతే మామూలు ‘ర్మ’ వస్తుంది. పాత గ్రంథాలను టైపు చేసేవారిలో ఈ దారి తెలియనివారు, తెలిసినా ఫాంటు సహకరించనివారు, ఆకారం కలిసింది కదా అని నేరుగా ౯ అంకెనే వేసేస్తారు. తెర మీద బాగానే ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది ‘ధమ తొమ్మిది’. ధర్మం అని వెతికితే ఆ పేజీ దొరకదు. చదివి వినిపించే ప్రోగ్రాముకు అప్పగిస్తే శ్లోకం మధ్యలో తొమ్మిది అని చదువుతుంది. కనబడని అక్షరాన్ని వదిలి, కనబడేదాన్ని తప్పు చోట వాడినందుకు కట్టే జరిమానా ఇది.

ఇంతకంటే తేలికైన పరిష్కారం ఉందా అంటే, కొన్నిటికి ఉంది. పాత రాతలో నకారపొల్లుకు విడిగా ఒక ఆకారం ఉండేది. 2021లో వచ్చిన యూనికోడ్ 14లో దానికి సొంత సంఖ్య ఇచ్చేశారు. మలయాళంలో చిల్లు అక్షరాలది, అంటే అచ్చు లేని హల్లుకు విడిగా ఉన్న ఆకారాలది, ఇలాంటి కథే. చాలా ఏళ్లు వాటిని హల్లు, పొల్లు, 8205 కలిపి రాసేవారు. 2008లో యూనికోడ్ 5.1 వాటికి విడి సంఖ్యలు కేటాయించింది. దాంతో కనబడని అక్షరం మీద ఆధారపడటం తప్పింది గానీ, అప్పటిదాకా రాసిన మలయాళం అంతా ఒక పద్ధతిలో, తర్వాతిది ఇంకో పద్ధతిలో మిగిలింది. వెతికే యంత్రాలు రెండింటినీ ఒకటిగా చూడటం నేర్చుకోవాల్సి వచ్చింది.

పొరుగు లిపుల్లో ఇవి చేసే పనులు చూస్తే ‘ఇదొక చెత్త’ అనే మాట ఇంకా తేలిపోతుంది. సింహళంలో లెక్క తెలుగుకు సరిగ్గా తలకిందులు. తెలుగులో ఏమీ చెప్పకపోతే కలుస్తాయి, విడదీయాలంటే చెప్పాలి. సింహళంలో ఏమీ చెప్పకపోతే పొల్లు పొల్లుగానే ఉంటుంది, కలపాలంటే 8205 పెట్టాలి. ‘శ్రీ’ అని సరిగ్గా రాయాలంటే శ, పొల్లు, 8205, ర, దీర్ఘం కావాలి. అంటే శ్రీలంక అనే దేశం పేరులోనే ఒక అదృశ్య అక్షరం ఉంది. పారశీకంలో 8204ను నీమ్ ఫాసిలే అంటారు, అంటే సగం ఖాళీ. క్రియల ముందు వచ్చే ‘మీ’ అనే ముక్క మాటలో భాగమే అయినా తర్వాతి అక్షరంతో అతుక్కోకూడదు, పూర్తి ఖాళీ కూడా రాకూడదు. ఇరాన్ ప్రామాణిక కీబోర్డులో షిఫ్ట్‌తో స్పేస్ బార్ నొక్కితే ఆ సగం ఖాళీ పడుతుంది. ఖ్మేర్ వాళ్లది మరీ విచిత్రం. కంబోడియాలో మాటల మధ్య ఖాళీ వదలరు. కానీ లైను ఎక్కడ విరగాలో కంప్యూటర్‌కు తెలియాలి కదా. అందుకని వాళ్ల యూనికోడ్ కీబోర్డులో స్పేస్ బార్ నొక్కితే వెడల్పు లేని ఖాళీ, అంటే 8203 పడుతుంది. నిజమైన ఖాళీ కావాలంటేనే షిఫ్ట్ పట్టుకోవాలి. కీబోర్డు మీద అన్నిటికంటే పెద్ద మీట కనబడని అక్షరానికే అంకితం.

ఈ అక్షరాల మూలంగా తెలుగు ఒకసారి ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 2018 ఫిబ్రవరిలో ‘ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూల్చేస్తోంది’ అని శీర్షికలు వచ్చాయి. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్‌కు ఆ అక్షరం పంపితే మెసేజ్ యాప్ తెరిచీ తెరవగానే మూతపడేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే కూలేది. ట్విటర్‌లో కొందరు ఆకతాయిలు తమ పేరులోనే దాన్ని పెట్టుకుని ఊరంతా తిరిగారు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సమస్యను మూసేసింది.

శీర్షికలు చెప్పింది సగమే నిజం. ఆ అక్షరం ‘జ్ఞా’ అని అందరూ రాశారు. జ్ఞానం, జ్ఞాపకం లాంటి మాటలు తెలుగువాళ్లు ఆ ఫోన్లలో అంతకుముందు నుంచీ రాస్తూనే ఉన్నారు, ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం: ఇది క్షేమం. కూల్చింది జ, పొల్లు, ఞ, 8204, దీర్ఘం. హల్లుకూ దాని గుణింతానికీ మధ్య విడదీసే గుర్తు! తెలుగు రాసేవారెవరూ కావాలని అక్కడ దాన్ని పెట్టరు. కలపడానికి ఏమీ లేని చోట విడదీయమని చెప్పినట్టు. అక్షరాల ఆకారాలను అమర్చే ప్రోగ్రాము ఆ అర్థం లేని ఆదేశాన్ని పట్టుకుని మెమరీలో తనది కాని చోట చెయ్యి పెట్టింది. తర్వాత జరిగిన పరిశీలనల్లో తేలిందేమిటంటే ఇది ఒక్క జ్ఞాకు పరిమితం కాదు. దేవనాగరిలో, బెంగాలీలో కూడా కొన్ని హల్లులతో అదే జరిగేది. రెండో హల్లు మొదటిదానికి తోకలా అతుక్కునే రకమైతే ఆ ప్రమాదం ఉంది. తెలుగులో ప్రతి హల్లుకూ వత్తు ఉంది కాబట్టి మన లిపిలో అలాంటి జంటలు కొల్లలు. చెడ్డపేరు మాత్రం తెలుగుకు, అందులోనూ జ్ఞానానికి వచ్చింది.

ఇలాంటి అక్షరాలను మన భాష సంగతి పట్టని వారు కూడా రోజూ వాడుతూనే ఉంటారు. వాట్సాప్‌లో నాన్న, అమ్మ, పాప, బాబు ఉన్న కుటుంబం ఎమోజీ ఒకే బొమ్మలా కనబడుతుంది. లోపల నాలుగు విడి బొమ్మలు, వాటి మధ్య మూడు 8205లు, మొత్తం ఏడు. యూటీఎఫ్-8లో 25 బైట్లు. ఎక్కడైనా ఒక ఫిల్టర్ ఆ మూడింటినీ ఏరేసిందంటే కుటుంబం నలుగురు వేరుపడ్డ మనుషులై వరసగా నిలబడుతుంది. ఎమోజీ విరిగితే ప్రపంచమంతా ఫిర్యాదు చేస్తుంది కాబట్టి ఈ మధ్య సాఫ్ట్‌వేర్లు 8205ను కొంచెం గౌరవంగా చూడటం మొదలుపెట్టాయి. సింహళం, మలయాళం సాధించలేనిది ఎమోజీ సాధించింది.

ఇక భయపడాల్సిన వైపు. అరబిక్, హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. వాటి మధ్య ఇంగ్లిష్ మాటో అంకెలో వస్తే దిశ మారాలి. ఆ దిశను చెప్పడానికి కొన్ని అదృశ్య అక్షరాలున్నాయి. వాటిలో 8238 మొండిది, తన తర్వాత వచ్చేదంతా కుడి నుంచి ఎడమకు చూపించమంటుంది. దీంతో ఒక పాత మోసం ఉంది. విండోస్‌లో నడిచే ప్రోగ్రాముల పేరు చివర ఈఎక్స్‌ఈ అని ఉంటుంది. దాని ముందు జీపీజే అని రాసి, ఆ ముందు 8238 పెడితే, తెర మీద అంతా తిరగబడి చివర జేపీజీ అని, అంటే ఫోటోలా కనబడుతుంది. ఈఎక్స్‌ఈ ఎటు నుంచి చదివినా ఒకటే కావడం మోసగాళ్లకు కలిసొచ్చింది. ఫోటో అనుకుని నొక్కితే ప్రోగ్రాము నడుస్తుంది.

2021 నవంబర్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన నికలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఇదే కిటుకును ప్రోగ్రాముల సోర్స్ కోడ్‌కు వాడి చూపించారు. దానికి ట్రోజన్ సోర్స్ అని పేరు. కోడ్‌లోని వ్యాఖ్యల్లో, కొటేషన్ల మధ్య ఉన్న పదాల్లో ఈ దిశ గుర్తులు పెడితే, సమీక్షించే మనిషికి ఒక వరస, కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కు ఇంకో వరస కనబడుతుంది. మనిషి సరే అని సంతకం చేసిన కోడ్ వేరు, యంత్రం నడిపే కోడ్ వేరు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లు ఆ రోజే కొత్త వెర్షన్ విడుదల చేశారు. కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ అలాంటి ఫైళ్ల మీద హెచ్చరిక చూపడం మొదలుపెట్టింది. కోడ్ రాసుకునే ప్రోగ్రాము విజువల్ స్టూడియో కోడ్ కనబడని అక్షరాల చుట్టూ గడి గీసి చూపించే సదుపాయం తెచ్చింది.

రహస్యం మోయడానికీ ఇవి పనికొస్తాయి. 8203ను సున్నా అనుకుని, 8204ను ఒకటి అనుకుంటే, ఒక మామూలు వాక్యం మధ్యలో ఎవరికీ కనబడకుండా ఒక సంఖ్యను రాయొచ్చు. ఆఫీసులో పదిమందికి పంపిన సర్క్యులర్‌లో ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్య దాచి పంపితే, అది బయటికి పొక్కినప్పుడు ఎవరి ప్రతి నుంచి పొక్కిందో తెలుస్తుంది. ఇంకో గుంపు ఉంది, ట్యాగ్ అక్షరాలు. ఇంగ్లిష్ కీబోర్డు మీది ప్రతి గుర్తుకూ ఒక అదృశ్య జంట లాంటివి. 2001లో భాష పేరు సూచించడానికని వచ్చి, ఎవరూ వాడక మూలపడ్డాయి. 2017లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ జెండాల ఎమోజీల కోసం మళ్లీ బయటికి తీశారు. 2024 నాటికి ఏఐ చాట్‌బాట్‌లను మోసగించేవారి చేతికి చిక్కాయి. మనిషికి ఖాళీగా కనబడే చోట యంత్రం చదివే ఆదేశం దాచడానికి ఇంతకంటే అనువైనవి లేవు.

దురుద్దేశం ఏమీ లేకుండానే తలనొప్పి తెచ్చేవి కూడా ఉన్నాయి. విండోస్‌లో ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే ‘వేలిముద్ర’ సంఖ్యను పాత డైలాగ్ బాక్సులోంచి కాపీ చేస్తే దాని ముందు 8206 అనే దిశ గుర్తు అంటుకొచ్చేది. అక్షరం అక్షరం పోల్చినా సరిగ్గానే ఉంటుంది, సర్వర్ మాత్రం తప్పంటుంది. సిస్టమ్ అడ్మిన్‌లు దీంతో గంటలు పోగొట్టుకున్నారు. తెలుగు డేటాను సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్‌గా దాచి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు రావడం చాలామందికి అనుభవమే. ఫైల్ మొదట్లో 65279 అనే అదృశ్య అక్షరం ఉంటే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8గా గుర్తుపడుతుంది, తెలుగు సరిగ్గా కనబడుతుంది. అదే ఫైల్‌ను ఇంకో ప్రోగ్రాముకు ఇస్తే, మొదటి కాలమ్ పేరుకు ఆ అక్షరం అతుక్కుపోయి ‘అలాంటి కాలమ్ లేదు’ అంటుంది. ఒకరికి అమృతం, ఒకరికి విషం. ఇంకొకటి డబ్బు సంగతి. ఇంగ్లిష్ ఎస్‌ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు లాంటి వాటికి 70. ఎక్కడి నుంచో కాపీ చేసిన ఇంగ్లిష్ సందేశంలో ఒక్క 8203 దూరితే చాలు, మొత్తం సందేశం 70 లెక్కలోకి మారి, ఒకటి కావాల్సింది రెండో మూడో అవుతుంది. వేలమందికి పంపేవారికి బిల్లు చూశాక గానీ తెలియదు.

అందుకే కడిగేయాలనే కోరిక సహజం. కడగడానికి ఉన్న పనిముట్లే సరిగ్గా లేవు. ఎక్సెల్‌లోని ట్రిమ్ మామూలు ఖాళీలనే తీస్తుంది, క్లీన్ అనేది పాతకాలపు మొదటి 32 నియంత్రణ సంకేతాలనే తీస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అంచుల ఖాళీలు తీసే స్ట్రిప్ 8203ను ముట్టుకోదు. ఎందుకంటే 2004 నుంచి అది యూనికోడ్ లెక్కలో ఖాళీ కాదు, ఫార్మాట్ అక్షరం. వీటితో విసిగిన ప్రోగ్రామర్ చివరికి ‘ఫార్మాట్ వర్గంలో ఉన్నదంతా తీసెయ్’ అని ఒక్క లైను రాస్తాడు. ఇంగ్లిష్‌తో పరీక్షించి చూస్తాడు, చక్కగా పనిచేస్తుంది. ఆ లైను తెలుగు వెబ్‌సైట్ మీద పడిన రోజు ఫేస్‌బుక్, రాజ్‌కుమార్, కోర్ట్‌లో లాంటి మాటలన్నీ కుప్పకూలి వత్తుల గుట్టలవుతాయి. కనబడని అక్షరాలను పట్టి ‘ఇందులో రహస్య ముద్ర ఉంది’ అని చెప్పే తనిఖీ పనిముట్లదీ అదే కథ. వాటి లెక్కన ఏ తెలుగు వార్తాపత్రిక పేజీ అయినా అనుమానాస్పదమే.

వెతకడం, పోల్చడం వేరే సమస్య. యూనికోడ్ వారి క్రమబద్ధీకరణ పద్ధతి ప్రకారం, మాటలను అకారాది క్రమంలో పేర్చేటప్పుడు 8204ను లెక్కలోకి తీసుకోరు. అది సబబే. కానీ డేటాబేసులో ఒక పేరు ఇంకో పేరుతో సమానమా కాదా అని నేరుగా బైట్లు పోల్చే చోట రాజ్‌కుమార్ వేరు, రాజ్కుమార్ వేరు. ఒకే మనిషికి రెండు ఖాతాలు తెరుచుకోవచ్చు. అక్షర రూపాలను ఏకం చేసే సాధారణ నార్మలైజేషన్ పద్ధతులు కూడా ఈ తేడాను చెరపవు. చూపించడానికి ఒక ప్రతి, పోల్చడానికి 8204 తీసేసిన ఇంకో ప్రతి దాచుకోవడమే దీనికి మార్గం. వికీపీడియాను నడిపే మీడియావికీ పేజీ శీర్షికల్లోంచి దిశ గుర్తులను తీసేస్తుంది, 8204ను మాత్రం ఉండనిస్తుంది. దేనికి ఏ గౌరవం ఇవ్వాలో ఆలోచించి చేసిన పని అది.

ఇంకా నాజూగ్గా ఆలోచించింది వెబ్‌సైట్ల చిరునామాలైన డొమైన్ పేర్ల నియమాలు రాసినవారు. మొదటి పద్ధతి 2003లో వచ్చింది. అందులో 8204, 8205 ఎక్కడ కనబడ్డా ఏమీ లేనట్టు తీసిపారేసేవారు. శ్రీలంక పేరును సింహళంలో సరిగ్గా రాసుకునే వీలు లేకుండా పోయింది. 2010లో నియమాలను మార్చి, వీటిని ‘సందర్భాన్ని బట్టి’ అనే గుంపులో పెట్టారు. సందర్భం ఏమిటంటే, మన లిపుల్లో వీటికి ముందు పొల్లు ఉండాలి. పొల్లు తర్వాత వస్తే సరే, ఇంకెక్కడ వచ్చినా చెల్లదు. అరబిక్ కుటుంబంలో 8204కు అక్షరాలు కలిసే తీరును బట్టి విడిగా ఒక షరతు పెట్టారు. చుక్క తర్వాత వచ్చే చివరి ముక్కలో, అంటే ‘.భారత్’ లాంటి వాటిలో, వీటికి ఇప్పటికీ ప్రవేశం లేదు. దాని ముందుండే పేర్లలో అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఆ పేర్లను నమోదు చేసే రిజిస్ట్రీల ఇష్టం.

ముందు పొల్లు ఉండాలన్న ఈ ఒక్క షరతును తెలుగు పాఠం మొత్తానికి వర్తింపజేసి చూడొచ్చు. సాఫ్ట్‌వేర్ నిలుస్తుంది, హైదరాబాద్‌లో నిలుస్తుంది, వలపలగిలక నిలుస్తుంది. ఇంగ్లిష్ మాట మధ్యలో దూరినది పోతుంది, సున్నా ఒకట్లుగా దాచిన రహస్య సంఖ్యలో చాలా భాగం పోతుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చిన వరసలో 8204 ఞ తర్వాత ఉంది, పొల్లు తర్వాత కాదు. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే రాసిపెట్టి ఉన్న ఈ నియమం దాన్ని గడప దగ్గరే ఆపేసేది.